మూడో చాప్టర్ దగ్గర పడకేసిన నా థ్రిల్లర్

థ్రిల్లర్ రాస్తున్నా థ్రిల్లర్ రాస్తున్నా అని రెండేళ్ళుగా అందరికీ చెప్పుకు తిరుగుతున్నా కదా, అది మూడో చాప్టర్ దగ్గర పడకేసింది, బద్ధకం వల్ల కాదు (సరే, కొంచెం బద్ధకమే), డీఎన్ఏ లెక్కల వల్ల.

మొదలు బానే కుదిరింది. 1999లో, మళ్ళీ 2001లో మన పేపర్ల నిండా వచ్చింది గుర్తుందా, తండాల్లో లంబాడీ ఆడపిల్లల్ని కొని హైదరాబాద్ మీదుగా విదేశాలకి దత్తత పంపేస్తున్నారని? అలా పోయిన ఒక పిల్ల నా హీరోయిన్. అమెరికాలో పెరిగింది, చేతిలో ఉన్నదల్లా వేలిముద్ర వేసిన ఒక కాగితం, అందులో తల్లి పేరు కూడా నిజమో కాదో. ట్యూబులో ఉమ్మి, డీఎన్ఏ కలిసే చుట్టాల్ని వెతికిపెట్టే కంపెనీకి పోస్టులో పంపి కూర్చుంది.

ఇంగ్లీషు నవల్లో అయితే ఇక్కణ్ణించి కథ పరిగెడుద్ది, ఎందుకంటే అక్కడ ఎవడో ఒక దూరపు చుట్టం ఆల్రెడీ ఉమ్మేసి ఉంటాడు. 2018లో కాలిఫోర్నియాలో గోల్డెన్ స్టేట్ కిల్లర్ అనే సీరియల్ హంతకుడు దొరికింది అలానే, దూరపు కజిన్ల డీఎన్ఏ పట్టుకుని 1800ల నాటి ముత్తాతల దాకా ఎక్కి, మళ్ళీ కొమ్మ కొమ్మా దిగొచ్చి 72 ఏళ్ళ మాజీ పోలీసు ఇంటి ముందు ఆగారు. తండాలో ఉన్న తల్లికి ఈ ట్యూబు సంగతే తెలీదు, ఇంక మ్యాచ్ ఎక్కణ్ణించి వస్తుంది?

అందుకని డాలస్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ణి పెట్టా, అదే తండా వాడు, ఆఫర్‌లో వచ్చిందని సరదాకి కిట్ కొన్నాడు. ఇద్దరికీ 1,750 సెంటీమోర్గాన్లు (ఇద్దరి డీఎన్ఏ ఎంత కలిసిందో చెప్పే కొలత) కలిసినయ్. సొంత అన్నాచెల్లెళ్ళైతే సుమారు 2,600 ఉండాలి. 1,750 అంటే తల్లి ఒకటై తండ్రి వేరైన అన్న అయినా అవ్వొచ్చు, మేనమామ అయినా అవ్వొచ్చు, వయసు చూసి తేల్చుదామంటే వాడు ఈ పిల్ల కంటే తొమ్మిదేళ్ళే పెద్ద, రెండూ కుదురుతాయ్. పోనీ తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ చూద్దామా అంటే రెండు కేసుల్లోనూ అది ఒకటే! అమెరికా వాడికి బ్రదర్ అన్నా అంకుల్ అన్నా పెద్ద తేడా ఉండకపోవచ్చు గానీ మా ఇళ్ళల్లో అన్న అన్నే, మేనమామ అంటే పెళ్ళికి కూడా వరసే. ఆ మెషీన్ నంబర్ చెప్పుద్ది గానీ వరస చెప్పదు, నవలకి అసలు ముడి అక్కడే ఉందని నాకు అప్పుడు వెలిగింది.

లెక్క సరిచూద్దామని మా కుటుంబాన్నే చార్ట్ మీద గీశా. ఇంకా ఘోరం. మా అమ్మమ్మ తన మేనమామనే చేసుకుంది, అంటే ఆవిడకి అత్తగారు సొంత అమ్మమ్మే, కన్నతల్లే ఆడపడుచు. ఒకే మనిషి రెండు గళ్ళల్లో కూర్చుంది, రెండు దార్లో రక్తం కలిసేసరికి సెంటీమోర్గాన్లు ఉబ్బిపోయి దూరపు చుట్టం కూడా దగ్గరోడిలా కనపడతాడు.

మా అమ్మ చార్ట్ చూసి "ఇదేంట్రా, మా జేజమ్మని రెండుసార్లు రాశావ్" అంది. కథంతా చెప్పా. చిక్కుడుకాయలు తుంచుతూనే విని, "అన్నో మేనమామో తెలీకుండా ఆ పిల్ల వాణ్ణి ఏమని పిలుస్తుందిరా మరి?" అంది.

ఆ పిల్ల మెసేజ్ బాక్స్‌లో "హాయ్" కొట్టి ఆగింది, మార్చి నుంచి.