అప్పుకు గడి లేని పట్టిక

నవంబరు, మంగళవారం

తెల్లవారేసరికి ఫోనులో ఫొటోలు వరస కట్టి ఉన్నాయి. భామిని మండలంలో పత్తి చేలల్లో కట్టిన లింగాకర్షక బుట్టలవి, ఆడపురుగు వాసనతో మగ రెక్కల పురుగులను రప్పించి పట్టేవి. రాత్రికి ఎన్ని గులాబీ రంగు పురుగు రెక్కల పురుగులు పడ్డాయో లెక్కపెట్టి, ఫొటో కింద అంకె వేసి పంపమని మా సిబ్బందికి చెప్పి ఉంచాను. వరసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిదేసి పడితే మందు సంగతి ఆలోచించాలి. అంతకు తక్కువైతే డబ్బా మూత తీయనక్కర్లేదు. ఈ రోజు అంకెలు మూడు, రెండు, నాలుగు. అంకెలు బాగుంటే అత్తయ్య కలిపే పలుచని కాఫీ కూడా బాగానే ఉంటుంది.

కాఫీ పూర్తి కాకముందే ఆ ఊళ్లో మా తరఫున తిరిగే అమ్మాయి ఫోను చేసింది. సవర అమ్మాయి. సవర, ఒడియా, తెలుగు మూడింట్లోనూ రైతుతో వాదించగలదు, మూడింట్లోనూ నాతో మొహమాటపడుతుంది.

"మేడం, మూడు పడ్డాయని పంపాను కదా, ఆ చేను తాతగారు నిన్న సాయంత్రమే మందు కొట్టేశారు."

"ఎందుకు కొట్టారట?"

"దుకాణం ఆయన కొత్త మందు చేతిలో పెట్టారట."

మరిక నేనేమీ అడగలేదు. నవంబరులో కొట్టే ఆ మందు వల్ల పురుగుకు పెద్దగా ఏమీ కాదని ఆ అమ్మాయికీ తెలుసు, నాకూ తెలుసు, బహుశా ఆ దుకాణం ఆయనకూ తెలుసు. ఈ పురుగు గుడ్డులోంచి బయటపడగానే పూమొగ్గలోకో కాయలోకో దూరి లోపల గింజ తింటూ కూర్చుంటుంది. పైనుంచి జల్లిన మందు దాని ఒంటికి తగలదు. 2002లో మన దేశంలో పురుగును చంపే జన్యువు చేర్చిన బీటీ పత్తికి అనుమతి వచ్చినప్పుడు ఈ బెడద తీరిందనుకున్నారు. 2006లో రెండు జన్యువుల విత్తనం వచ్చింది. పదేళ్లు తిరక్కుండానే గులాబీ పురుగు రెండింటినీ అరిగించుకుంది. ఇప్పుడు చేయగలిగింది పాత కాలపు పనే: పురుగు లోపల చేరి విచ్చుకోని గుడ్డి పూలు కనిపిస్తే ఏరి పారేయడం, పంటను సంక్రాంతి దాకా సాగదీయకుండా ముగించడం, మోళ్లు పీకేయడం. ఇవి చెప్పడానికి మా శిక్షణ పుస్తకంలో రంగురంగుల బొమ్మలున్నాయి. బొమ్మల్లో రైతు నవ్వుతూ ఉంటాడు. అతని వెనక దుకాణం మాత్రం ఉండదు.

విశాఖపట్నం సీతమ్మధారలో ఆఫీసు. పత్తి మొక్క ఒక్కటీ లేని ఊళ్లో పత్తి కార్యక్రమం ఆఫీసు ఎందుకని చుట్టాలు అడుగుతుంటారు. రాయగడ రైలు ఇక్కడి నుంచే దొరుకుతుంది, పాలకొండ బస్సూ దొరుకుతుంది, బయటి దేశం నుంచి వచ్చేవాళ్లకు విమానాశ్రయమూ ఉంది అని చెబుతాను. వంశధారకు ఇటు మన మండలాలు, అటు ఒడిశాలో గుణుపురం వైపు గ్రామాలు. రెండు వైపులా మా జట్లు ఉన్నాయి. బెటర్ కాటన్ అనే అంతర్జాతీయ పత్తి ప్రమాణం వంటి పద్ధతుల్లో రైతులను 35 మంది దాకా ఒక జట్టుగా కూర్చి, జట్టుకు పాఠాలు చెప్పి, ప్రతి రైతు చేత పొలం పుస్తకం రాయించడం మామూలు. ఏ తేదీన విత్తారు, ఏ ఎరువు ఎంత వేశారు, ఏ మందు ఎన్నిసార్లు కొట్టారు, ఎన్ని కిలోలు ఏరారు. ఆ పుస్తకాలన్నీ చివరకు నా కంప్యూటర్‌లో ఒకే పట్టికగా మారతాయి.

ఈ రోజు పొద్దుటంతా ఆ పట్టికతోనే సరిపోయింది. ఒక జట్టులో రైతులందరూ ఒకే రోజు కలుపు తీశారు, ఒకే రోజు జీవామృతం పోశారు, అందరికీ ఒకే దిగుబడి. ఇంత క్రమశిక్షణ సైన్యంలోనూ ఉండదు. ఎవరో ఒక రాత్రి దీపం దగ్గర కూర్చుని అన్ని పుస్తకాలూ నింపేశారన్నమాట. కోపం వచ్చింది, కానీ ఎక్కువసేపు నిలవలేదు. రోజంతా చేలల్లో తిరిగే పిల్లలను మేమే రాతగాళ్లను చేశాం. పట్టికలో గడులు ఏటా పెరుగుతున్నాయి, జీతాలు అలా పెరగడం లేదు. ఆ జట్టు మొత్తాన్ని ఎర్ర రంగులో పెట్టి, మళ్లీ పొలానికి వెళ్లి అడిగి రాయమని పంపాను.

పదకొండింటికి యూరప్ కొనుగోలుదారు మనుషులతో వీడియో సమావేశం. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది, పాపం వాళ్లూ నిద్రమొహాలతోనే ఉన్నారు. కిలో దూదికి సాగునీరు ఎంత వాడారన్నది వాళ్ల ప్రశ్న. మా దగ్గర అంతా వానాధారం, బోరు లేదు, కాలువ లేదు, కాబట్టి ఆ గడిలో సున్నా వేశాం. సున్నా ఉంటే వాళ్ల కంప్యూటర్ ఒప్పుకోదట, సమాచారం ఇవ్వలేదని అనుకుంటుందట. ఏదో ఒక అంకె ఇవ్వగలరా అని ఎంతో మర్యాదగా అడిగారు. వాన దేవుణ్ని అడిగి చెబుతానని నోటి దాకా వచ్చింది. వివరణ రాసి పంపుతామని మా డైరెక్టర్‌గారు ముగించారు.

ఆ సమావేశంలో నాకు అసలు నచ్చినది వేరే మాట. మాలో ఒక పెద్దాయన ఉన్నారు, మాలి దేశంలో పత్తి పథకంలో కొన్నాళ్లు పనిచేసి వచ్చిన మనిషి. అక్కడ సీఎండీటీ అనే కంపెనీ 1974 నుంచీ పత్తి నడిపిస్తోంది. విత్తనం, ఎరువు, మందు గ్రామ సహకార సంఘాల ద్వారా అప్పుగా ఇస్తుంది, పంట కొనేటప్పుడు ఆ అప్పు మినహాయించుకుంటుంది. ధర ముందే ప్రకటిస్తారు. దాని తిప్పలు దానికీ ఉన్నాయి. ఒక రైతు పంట పోతే అతని బాకీ సంఘంలో మిగతావాళ్ల మెడకు చుట్టుకుంటుంది, ఊళ్లో పొరుగువాళ్ల మధ్య పగలు పుడతాయి. "అయినా అప్పు ఎంతో అక్కడ కాగితం మీద ఉంటుందమ్మా. మన దగ్గర అది దుకాణం ఆయన చిట్టా పుస్తకంలోనూ, రైతు భయంలోనూ ఉంటుంది" అన్నారు. అవతలివాళ్లు తలలు ఊపి నీటి గడికి తిరిగి వచ్చేశారు.

నేను ఆ మాట దగ్గరే ఉండిపోయాను. మా పట్టికలో రైతు వయసుకు గడి ఉంది, భూమి విస్తీర్ణానికి గడి ఉంది, వాడిన మందులో ఏ రసాయనం ఎంత శాతమో దానికీ ఉంది. అతను ఎవరికి బాకీ ఉన్నాడన్నదానికి లేదు. మందు ఎన్నిసార్లు కొట్టాలో నిర్ణయించేది చాలాసార్లు ఆ ఒక్క సంగతే.

మధ్యాహ్నం పెరుగన్నం తినేసి ఆ తాతగారికి నేనే ఫోను చేశాను.

"బాబాయ్ గారూ, నిన్న మందు కొట్టారట కదా?"

"కొట్టానమ్మా. బుట్టలో మూడే పడ్డాయని నాకూ తెలుసు, మీ పిల్ల చూపించింది. మరి జూన్‌లో విత్తనం ఇచ్చింది ఆయన, ఎరువు ఇచ్చింది ఆయన, మా కోడలి కాన్పుకు డబ్బు సర్దిందీ ఆయనే. ఈ మందు మంచిదయ్యా కొట్టు అన్నాడు. వద్దంటే వచ్చే ఏడు ఏ మొహం పెట్టుకుని ఆ మెట్లు ఎక్కను?"

"పంట కూడా ఆయనకేనా?"

"ఇంకెవరికి ఇస్తానమ్మా? బండి ఆయనే పంపుతాడు, కాటా ఆయనదే."

ప్రభుత్వం 2025-26కు పొడవు పింజ పత్తికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. ఆ సంగతి తాతగారికి తెలుసు. ఆ ధరకు కొనే కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ (సీసీఐ) కొనాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో పేరుండాలి, ఈ-క్రాప్‌లో పంట నమోదై ఉండాలి, ముందుగా తేదీ తీసుకోవాలి, తేమ సరిపోవాలి. ఎనిమిది శాతం తేమకు పూర్తి ధర. ఆపైన ఒక్కో శాతానికి ఒక్కో శాతం కోత. పదకొండు ఉంటే 243 రూపాయలు పోతాయి. పన్నెండు దాటితే బండి వెనక్కి తిప్పుకోవాల్సిందే. మంచు పడే పొద్దుటి పూట ఏరిన పత్తిని ఎండబెట్టకుండా బస్తాల్లో కుక్కితే తేమ ఎక్కడ ఆగుతుంది? పైగా ఆయన సాగు చేసే దానిలో సగం కౌలు. 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రం తెచ్చుకోవచ్చు, కానీ దాని మీద భూమి యజమాని సంతకం పెట్టాలి. ఆ యజమాని పెట్టడు. దుకాణం ఆయన ఈ కాగితాలు ఏవీ అడగడు, తేమా కొలవడు, చేత్తో నొక్కి చూసి ధర చెబుతాడు. అందులో ఎంత పోతోందో తాతగారికి లెక్క తెలియదని నేను అనుకోను. తెలిసే ఇస్తున్నాడు.

ఇలాంటప్పుడు నాకు పునుకుల గుర్తుకొస్తుంది. అప్పటి ఖమ్మం జిల్లాలోని పత్తి ఊరు. అక్కడా మందు అమ్మేదీ, అప్పు ఇచ్చేదీ, పంట కొనేదీ ఒకే చెయ్యి. మందులు కొని కొని అప్పుల్లో మునిగిన ఊరు వేప కషాయాలకు, ఎర పంటలకు మళ్లి, 2004లో ఊళ్లో పురుగుమందులు వాడబోమని పంచాయతీ తీర్మానం చేసింది. శిక్షణల్లో మేం ఈ కథ చెప్పేటప్పుడు కషాయాల దగ్గరే ఎక్కువసేపు ఆగుతాం. వేప గింజ ఎంత, వెల్లుల్లి ఎంత, ఎన్ని గంటలు నానబెట్టాలి. ఆ ఊళ్లో ఆడవాళ్ల పొదుపు సంఘాలు చేసిన పనిని ఒక్క వాక్యంలో దాటేస్తాం. నన్నడిగితే తిరగేసి చెప్పాలి.

సాయంత్రం డైరెక్టర్‌గారి గదిలో ఇదే మాట ఎత్తాను. పొలం పుస్తకంలో అప్పుకు ఒక పేజీ పెడదామన్నాను: ఎవరి దగ్గర, ఎంత, వడ్డీ ఎంత, పంట ఎవరికి మాట ఇచ్చారు. ఆయన కాసేపు ఆలోచించి, "పట్టికలో లేని ప్రశ్నకు డబ్బు ఎవరు ఇస్తారు?" అన్నారు. చెడ్డ మనిషి కాదు. మార్చిలో ఒప్పందం పునరుద్ధరణ ఉంది, అందాకా కొత్త గొడవ వద్దని ఆయన ఉద్దేశం. వచ్చే నెల అతిథులు వస్తున్నారు కదా, వాళ్లను పొందూరు తీసుకెళ్లే ఏర్పాట్లు చూడండి అన్నారు. పొందూరు అంటే ప్రతి అతిథీ కరిగిపోతాడు. కొండపత్తి దూదిని వాలుగ చేప దవడతో ఏకడం చూస్తే ఎవరైనా కరుగుతారు, నేనూ కరుగుతాను. కానీ మా రైతులు పండించేది ఆ పొట్టి పింజ దేశవాళీ పత్తి కాదు, మిల్లుకు వెళ్లే బీటీ పత్తి. అతిథులు ఫొటోలు తీసుకునేది ఒక పత్తికి, డబ్బు ఇచ్చేది ఇంకో పత్తికి.

ఏడు దాటాక ఎంవీపీ కాలనీ రైతు బజారులో వంకాయలు, గోంగూర కొనుక్కుని ఆటో ఎక్కబోతుంటే మళ్లీ భామిని అమ్మాయి. ఈసారి గొంతులో హుషారు ఉంది. మధ్యాహ్నం నేను మాట్లాడాక తాతగారి కోడలు కల్పించుకుందట. ఆమె డ్వాక్రా సంఘంలో లెక్కలు రాస్తుంది. సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పు వడ్డీ ఎక్కడ, దుకాణం వడ్డీ ఎక్కడ? సంఘంలో ఆరేడు కుటుంబాల బాకీలు ఒకచోట రాసి చూస్తే, వచ్చే జూన్‌లో విత్తనానికి, ఎరువుకు సంఘం అప్పు ఎంత కావాలో తేలుతుంది కదా అని ఆమె ఆలోచన. పాత బాకీ ఒక్క ఏడాదిలో తీరదు. కానీ విత్తనం ఆయన దగ్గర తీసుకోకపోతే నవంబరులో మందూ తీసుకోనక్కర్లేదు.

"రాస్తామంటున్నారు మేడం. కానీ ఆ పుస్తకం వాళ్ల సంఘం పెట్టెలోనే ఉంటుందట. ఫొటో తీయకూడదన్నారు. ఆఫీసుకు వెళ్లిందంటే దుకాణానికి తెలిసిపోతుందని భయం. మీరు ఏమంటారో అడగమన్నారు."

రోడ్డు పక్కన వంకాయల సంచీతో నిలబడి ఒక్క నిమిషం ఊగిసలాడాను. ఆరేడు కుటుంబాల నిజమైన బాకీల లెక్క చేతిలో ఉంటే మార్చి ఒప్పందం దగ్గర డైరెక్టర్‌గారి ముందు, ఆ నిద్రమొహాల ముందు పెట్టి మాట్లాడవచ్చు. ఈ పని మొదలుపెట్టినప్పటి నుంచీ నేను వెతుకుతున్న కాగితం అది.

"నాకు పంపవద్దు, నాకు చెప్పనూ వద్దు. నువ్వు కూడా చూడకు, వాళ్లు కూడికలు అడిగితే మటుకు సాయం చెయ్యి" అన్నాను.

"మరి పొలం పుస్తకంలో మందు ఒకసారి కొట్టినట్టు రాయనా మేడం?"

"కొట్టారు కదా, రాయి. మందు పేరు, మోతాదు అన్నీ రాయి. రేపు పొద్దున ఎండ వచ్చాక పత్తి ఏరమను. టార్పాలిన్లు రెండు పాలకొండ బస్సులో వేసి పంపుతున్నాను, గుడ్డ సంచులు కూడా. ప్లాస్టిక్ బస్తాల్లో నింపనివ్వకు, ఆ పోగులు దూదిలో కలిస్తే మిల్లువాడు తరుగు తీస్తాడు."

"అలాగే మేడం. సంచులు ఎన్ని?"

నలభై అన్నాను. చాలవంది. అరవై పంపుతానన్నాను.