ఎనిమిది స్పీకర్లకు ఒకే ఫైలు

గ్యాలరీలో నాలుగు, ఎనిమిది స్పీకర్లతో శబ్ద ఇన్‌స్టలేషన్ పెట్టేవాళ్లు ముందు అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ వాడాలని. దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. పొద్దున అటెండరు మెయిన్ స్విచ్ వేశాక, మౌస్ ఎవరూ ముట్టుకోకుండానే శబ్దం మొదలవ్వాలా? మధ్యాహ్నం కరెంటు పోయి వస్తే మళ్లీ దానంతటదే పాడాలా? ఈ రెండింటికీ అవునంటే, పెద్ద సాఫ్ట్‌వేర్లలో చాలావాటి అవసరం తీరిపోతుంది.

ఒక్కో స్పీకర్‌కు వెళ్లే విడి శబ్దాన్ని ఛానెల్ అంటారు. రెండు ఛానెళ్ల ప్లేయర్లు నాలుగు కొని ఒకేసారి ప్లే నొక్కేద్దామనే ఆలోచన చౌకగా కనిపిస్తుంది. కానీ ఏ ప్లేయర్ గడియారం దానిదే. రెండింటి మధ్య పది లక్షలకు 100 వంతుల తేడా ఉన్నా గంటకు 0.36 సెకను, ఎనిమిది గంటల ప్రదర్శనకు దాదాపు 3 సెకన్లు జరిగిపోతుంది. వాన చప్పుడైతే ఎవరికీ పట్టదు. అడుగుల చప్పుడు ఒక స్పీకర్ నుంచి పక్క స్పీకర్‌కు నడిచి వెళ్లాలంటే మాత్రం మొదటి గంటలోనే పని చెడుతుంది. అందుకే ఛానెళ్లన్నీ ఒకే ఫైల్లో, ఒకే సౌండ్ కార్డు మీద ఉండాలి.

ఆ ఫైలు డబ్ల్యూఏవీ (శబ్దాన్ని కుదించకుండా దాచే ఫైలు రకం) అయితే మేలు. ఎంపీ3లో రెండు ఛానెళ్లే పడతాయి, పైగా ఎన్‌కోడర్ మొదట్లో, చివర్లో కొద్దిగా నిశ్శబ్దం చేర్చడంతో లూప్ దగ్గర, అంటే శబ్దం అయిపోయి మళ్లీ మొదలయ్యే చోట, గండి పడుతుంది. ఎనిమిది ఛానెళ్లు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ అంటే నిమిషానికి 69 ఎంబీ. మామూలు డబ్ల్యూఏవీకి 4 జీబీ హద్దు కాబట్టి ఒక గంట దాటిన కాసేపటికే అది నిండిపోతుంది. అంత పొడవు లూప్ పెట్టే కళాకారులు అరుదే లెండి. ఫైలు తయారీకి రీపర్ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ బాగుంటుంది, అలాంటిదే అయిన ఆడాసిటీలో ఛానెళ్లు విడివిడిగా కేటాయించి ఎగుమతి చేసినా సరిపోతుంది. ఆడాసిటీ ఎనిమిది ఛానెళ్ల ఫైలు రాయగలదు గానీ, ప్లే చేసేటప్పుడు రెండింటిలోనే వినిపిస్తుంది. అది విని ఫైలే పాడైందనుకోవద్దు.

ఇక ప్లే చేయడం. నాటకాల్లో శబ్దాలు నడిపే క్యూల్యాబ్ సాఫ్ట్‌వేర్ మ్యాక్ మీదే నడుస్తుంది, ఉచిత వెర్షన్ రెండు అవుట్‌పుట్‌ల దగ్గరే ఆగిపోతుంది. నాటకంలో ఒక్కో క్యూకి, అంటే శబ్దం రావాల్సిన ఘట్టానికి, బటన్ నొక్కే మనిషి ఉంటే దానికి సాటి లేదు, ఆగని లూప్‌కి అది అనవసరపు ఖర్చు. మ్యాక్స్, ప్యూర్ డేటా లాంటి, శబ్దానికి మనమే ప్రోగ్రాం అల్లుకునే సాఫ్ట్‌వేర్లు సెన్సర్ ఉన్నప్పుడు, అంటే చూసేవాళ్లు దగ్గరికొస్తే శబ్దం మారాల్సినప్పుడు తీసుకోవాలి. ల్యాప్‌టాప్ ఎలాగూ ఉంటే రీపర్ చాలు. ప్రతి ట్రాక్‌కీ మాస్టర్ సెండ్ (ట్రాకులన్నీ కలిసి ఒకే చోటికి పోయే దారి) తీసేసి, దాని హార్డ్‌వేర్ అవుట్‌పుట్ విడిగా పెట్టి, రిపీట్ ఆన్ చేయాలి. లూప్ అతుకు తెలియకుండా తిరుగుతుంది. విండోస్ అయితే సిస్టం శబ్దాలు, అప్‌డేట్లు, నిద్ర మోడ్ అన్నీ కట్టేయండి. నిశ్శబ్దంగా సాగే పనిలో నోటిఫికేషన్ టింగుమంటే గ్యాలరీ అంతా తలతిప్పి చూస్తుంది.

నా ఓటు మాత్రం అరచేతిలో పట్టే చిన్న లినక్స్ కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పైకి, దానిమీద శబ్దపు ఫైలు వినిపించే ఏప్లే అనే చిన్న కమాండుకి. డ్రైవర్ అడగని యూఎస్‌బీ సౌండ్ కార్డు తగిలించి, ఫైల్ని కార్డుకే నేరుగా పంపాలి. డిఫాల్ట్ పరికరానికి పంపితే మధ్యలో మిక్సర్ దూరి, ఎనిమిదిని రెండుగా కుదించేసే ప్రమాదం ఉంది. నేరుగా పంపితే కార్డు పట్టింపులు బయటపడతాయి. అది 10 ఛానెళ్లకే ఒప్పుకునేదైతే ఎనిమిది ఛానెళ్ల ఫైల్ని తీసుకోదు. ఖాళీ ఛానెళ్లు రెండు కలిపి 10 చేసి ఇవ్వాలి. 24 బిట్ ఫైల్ని కాదని 32 బిట్ అడిగే కార్డులూ ఉన్నాయి, అప్పుడు మార్చి పెట్టుకోవడమే. కార్డుని నంబరుతో కాకుండా పేరుతో పిలవండి, రీబూట్ అయ్యాక నంబర్లు తారుమారవుతాయి. ఏప్లేకి లూప్ లేదు గనుక స్క్రిప్టుతో, అంటే ఆ కమాండుని పదే పదే పిలిచే చిన్న ఫైలుతో, తిప్పాలి. ప్రతి మలుపులో చిన్న విరామం వస్తుంది, ఫైలు చివర రెండు సెకన్ల నిశ్శబ్దం ఉంటే అది అందులో కలిసిపోతుంది. తెంపులేని శ్రుతి లాంటి శబ్దానికైతే మళ్లీ రీపరే దారి. స్క్రిప్టుని సిస్టండీ (లినక్స్‌లో ప్రోగ్రాములను వాటంతట అవే మొదలుపెట్టే ఏర్పాటు) సర్వీసుగా పెట్టి, ఆగిపోతే మళ్లీ లేచేలా చేయాలి. అన్నీ కుదిరాక సెట్టింగుల్లో ఓవర్లే ఫైల్ సిస్టం ఆన్ చేయండి. మెమరీ కార్డు మీద రాత ఆగిపోతుంది కాబట్టి స్విచ్ ఎన్నిసార్లు టపీమని తీసినా చెడిపోయే భయం బాగా తగ్గుతుంది.

అసలు తికమక ఛానెళ్ల వరుసలో. డబ్ల్యూఏవీ లెక్కలో మూడోది మధ్య స్పీకర్, నాలుగోది సబ్‌వూఫర్. లినక్స్ సరౌండ్ లెక్కలో మూడు, నాలుగు వెనక జత. ఏది ఎటు పోతుందో కార్డుని బట్టి, ప్లేయర్ని బట్టి మారుతుంది. హెచ్‌డీఎంఐతో ఏవీ రిసీవర్‌కి (హోం థియేటర్ ఆంప్లిఫయర్‌కి) పంపితే ఇంకో గొడవ. ఒక ఛానెల్ లోతైన శబ్దాలే పలికే సబ్‌వూఫర్‌కి పోతుంది, అందులో పక్షి కూత పెట్టి ఉంటే అది ఇక వినపడదు. దీనికి మందు ఒక పరీక్ష ఫైలు. ఒకటో ఛానెల్లో ‘ఒకటి’, రెండోదాంట్లో ‘రెండు’ అని చెబుతూ ఎనిమిది దాకా రికార్డు చేసి, గది చుట్టూ తిరుగుతూ ప్రతి స్పీకర్ వెనకా వినిపించిన అంకె టేపు మీద రాసి అంటించండి. వైర్లు మార్చడం కన్నా ఫైల్లో ఛానెళ్లు సర్దడం తేలిక.

కంప్యూటర్, పవర్డ్ స్పీకర్లు (ఆంప్లిఫయర్ లోపలే ఉన్నవి) ఒకే ప్లగ్ బోర్డు మీదుంటే బూట్ అయ్యేటప్పుడు స్పీకర్లలో దడేల్‌మన్న చప్పుడు రావచ్చు. వెలిగించేటప్పుడు స్పీకర్లు ఆఖరున, ఆపేటప్పుడు మొదట. అందుకని వాటికి వేరే స్విచ్ పెట్టి, ఆ వరుస తెలుగులో రాసి గోడకు అంటించండి. ప్రారంభోత్సవానికి ముందు శబ్దం నడుస్తుండగానే మెయిన్ తీసి, పది సెకన్లాగి వేయండి. అలా పదిసార్లు. సౌండ్ కార్డు కనబడకముందే స్క్రిప్టు లేవడం లాంటి లోపముంటే అప్పుడే బయటపడుతుంది, సర్వీసుకి పదిహేను సెకన్ల ఆలస్యం పెడితే చాలావరకు పోతుంది.