కుడి కంట్లో లైటు వేస్తే ఎడమ కన్ను నొప్పెట్టింది

కళ్ళకలకే అన్నారు అందరూ. ఎడమ కన్ను ఎర్రబడి నీళ్ళు కారుతుంటే నేనూ అదే అనుకున్నాను. మెడికల్ షాపులో అడిగితే యాంటీబయాటిక్ చుక్కలిచ్చారు. అత్తయ్య పెరట్లో నందివర్ధనం పూలు కోసుకొచ్చి రాత్రి కళ్ళ మీద పెట్టారు. చల్లగా హాయిగా ఉంది కానీ తెల్లారేసరికి పోటు ఎక్కువైంది. పుసి లేదు, దురద లేదు. నల్లగుడ్డు చుట్టూ ఎర్రటి గీతలాగా ఉంది, గుడ్డు లోపల ఒకటే సలపరం. నేను మగ్గం వర్క్ చేస్తాను. వెలుతురు కోసం కిటికీ పక్కన వేసుకున్న మగ్గం నాది, ఆ కిటికీకే దుప్పటి కట్టాల్సి వచ్చింది.

అలా ఐదు రోజులు పోయాయి. ఆ ఐదు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

కంటి ఆసుపత్రిలో డాక్టరు గారు ముందు నా బాగున్న కుడి కంట్లోనే టార్చి వేశారు. ఎడమ కన్ను అరచేత్తో మూసుకునే ఉన్నాను. అయినా ఎడమ కంట్లోనే చురుక్కుమంది.

"ఏ కన్నమ్మా నొప్పెట్టింది?"

"ఎడమదేనండీ."

ఒక కంట్లో వెలుగు పడినా మెదడు రెండు కళ్ళకీ కబురు పంపుతుందట. రెండు కనుపాపలూ కలిసే చిన్నవవుతాయి. నాకు ఆ కనుపాపను ముడిచే పొరే, ఐరిస్సే వాచింది. కదిలితే నొప్పి. కళ్ళకలక పైపొరకు వచ్చేది, దానికి ఇలా ఉండదు. నాది ఐరైటిస్.

కంటి లోపలిదాకా పెద్దగా చూపే స్లిట్ ల్యాంప్ అనే పరికరం మీద గడ్డం ఆనించి చూశారు. తలుపు సందులోంచి పడే ఎండలో దుమ్ము తేలినట్టు, కంటి లోపలి నీటిలో తెల్ల కణాలు తేలుతున్నాయన్నారు. ఐరిస్ ఒకచోట వెనకున్న లెన్సుకు అంటుకుందట. ఇంకా ఆలస్యమైతే ఆ అతుకులు ఊడవని, కంటి లోపలి ప్రెషర్ పెరిగి చూపే దెబ్బతినొచ్చని చెప్పారు. కన్ను ఎర్రబడి, పుసి లేకుండా, వెలుగు చూస్తే నొప్పి పుడుతుంటే దయచేసి ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

గంటకోసారి స్టెరాయిడ్ చుక్కలు, సీసా బాగా కుదిపి. దాంతోపాటు అట్రోపిన్. మూడో రోజుకే పోటు తగ్గింది. కానీ కొత్త టెన్షన్ పట్టుకుంది. గోడ మీద క్యాలెండర్ తారీకులు కనిపిస్తున్నాయి, చేతిలో సూది మాత్రం అలుక్కుపోయింది. చూపు పోయిందేమోనని ఏడ్చాను.

మర్నాడు డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు. ఫోకస్‌లో ఎక్కువ భాగం కంటి ముందుండే కార్నియాదే, కానీ అది మారదు. దగ్గరివి చూడటానికి సర్దుకునేది లోపలి లెన్సు. దాని చుట్టూ ఉంగరంలా ఒక కండరం, రెంటికీ మధ్య సన్నటి దారాలు. వింటుంటే నాకు నా మగ్గమే కనిపించింది. చట్రానికి దారాలతో లాగి కడితేనే గుడ్డ బిగుతుగా పరుచుకుంటుంది. చట్రమే లోపలికి జరిగితే దారాలు వదులవుతాయి. కంట్లోనూ అంతే. కండరం ముడుచుకుంటే దారాలు వదులై లెన్సు ఉబ్బుతుంది, దగ్గరివి తేటగా కనిపిస్తాయి. అట్రోపిన్ ఆ కండరానికి విశ్రాంతినిస్తోంది, అందుకే దగ్గరున్న సూది అలుక్కుపోయింది. అది కనుపాపను కూడా బాగా తెరిచి అతుకు పడకుండా చూస్తోంది.

పొద్దున్నే నడుం పట్టేస్తుందా అని కూడా అడిగారు. ఏళ్ళుగా పట్టేస్తోంది, మగ్గం ముందు కూర్చోవడం వల్లేననుకున్నాను. రక్తపరీక్షలో హెచ్‌ఎల్‌ఏ బీ27 పాజిటివ్ వచ్చింది. ఐరైటిస్‌కీ, ఇలా నడుం పట్టేసే వెన్ను వాపుకీ రెండింటికీ సంబంధమున్న జన్యువట అది. ఇప్పుడు కీళ్ళ డాక్టరు దగ్గర కూడా చూపించుకుంటున్నాను.

స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపకూడదు. ఆరు వారాల పాటు చుక్కలు తగ్గించుకుంటూ వచ్చారు, మధ్యమధ్యలో కంటి ప్రెషర్ చూశారు. అట్రోపిన్ ఆపిన పది రోజులకు అద్దం ముందు నిలబడి మా అమ్మాయిని లైటు వేసి ఆర్పమన్నాను. వేయగానే రెండు కనుపాపలూ కలిసి చిన్నవయ్యాయి. ఎడమదానికి కింద చిన్న నొక్కు మిగిలింది.

"ఇంకోసారి వెయ్యవే" అన్నాను. ఎన్నిసార్లు వేయించానో!

ఆ సాయంత్రం పూసల సూదిలో దారం మూడో ప్రయత్నానికి ఎక్కింది. లేచి కిటికీకి కట్టిన దుప్పటి విప్పేశాను.