ఉప్పు కాగితంలో ఉప్పుండదు

పదహారేళ్ళు నిండుతున్నాయనగా మా అమ్మాయి అడిగింది కొత్త కారు కాదు, మా వీధి చివర ఒక పెద్దాయన అమ్మకానికి పెట్టిన 1997 నాటి చిన్న పికప్ ట్రక్కు. ఇంజను బాగానే ఉంది. పైన మాత్రం ఎవరో ఎప్పుడో ఇంటి దగ్గరే కొట్టిన ఎర్ర రంగు వెలిసిపోయి, దాని మీద రంగు లేకుండా మెరుపు కోసం వేసే క్లియర్‌కోటు ఉల్లిపొరలా లేచిపోతోంది. చక్రాల పైన రేకు అంచుల్లో తుప్పు పొక్కులు కట్టింది. అమెరికాలో మేముండే మిషిగన్‌లో ఏ పాత బండికైనా ఆ తుప్పు తప్పదు. చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు నీళ్ళు బండి కింద ఎక్కడెక్కడికో చేరి వేసవి దాకా తమ పని తాము చేసుకుపోతాయి.

"ఈ రంగంతా తీసేసి నేనే వేసుకుంటాను" అని ఆ పిల్ల అన్నప్పుడు నేను వెంటనే ఒప్పుకోలేదు. అది ఎలాంటి పనో నాకు తెలుసు. మా నాన్నకు విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలకు టింకరింగ్, పెయింటింగ్ చేసే షెడ్డు ఉండేది. 1960ల్లో పుట్టిన ఆ పేటలో రేకు మీద సుత్తి చప్పుడు ఎప్పుడూ ఆగేది కాదని అందరూ చెబుతారు గానీ, నేను ఆ షెడ్డులో అడుగుపెట్టింది నాలుగైదు సార్లే. ఆడపిల్లకు అక్కడ ఏం పని అన్నది ఒక కారణం; ఆ పని మా ఇంట్లో నాన్నతోనే ఆగిపోవాలని ఆయన గట్టిగా అనుకోవడం అంతకంటే పెద్ద కారణం. రాత్రి ఇంటికొచ్చి, చేతులకు కిరసనాయిలు రాసి, సబ్బుతో తోముకుని అన్నానికి కూర్చునేవారు. అప్పటికీ గోళ్ళ చుట్టూ ఏదో ఒక రంగు మిగిలే ఉండేది. ఆ ఇంట్లో పెరిగిన నాకు ఆ పనికి సంబంధించిన మాటలన్నీ వచ్చు, పని మాత్రం రాదు.

ఆ సంగతి మొదటి రోజే బయటపడింది. నీళ్ళు, సబ్బుతో బండి కడిగి, మైనం, జిడ్డు పోవడానికి ద్రావకం పెట్టి తుడిచాం. ముందు గీకి తరువాత తుడిస్తే, ఆ జిడ్డంతా గీతల్లోకి దిగి కొత్త రంగును అంటనీయదు. ఆ తరువాత అమ్మాయి చేతికి కాగితం ఇస్తూ, "ఉప్పు కాగితం, 80 నంబరు" అన్నాను. నంబరు తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ. "ఉప్పా? సాల్టా?" అని అది కాగితాన్ని వాసన చూసింది. అందులో ఉప్పుండదని, గరుకుగా ఉప్పు చల్లినట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చి ఉంటుందని చెప్పాను. డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పు గని ఉందని బడిలో నేర్చుకున్న పిల్ల, ఉప్పు వల్ల పాడైన బండిని ఉప్పు కాగితంతో బాగుచేయడమేమిటని చాలాసేపు నవ్వింది. ఆరేళ్ళు ఆదివారం తెలుగు బడికి తీసుకెళ్ళాను. వేమన పద్యాలు పన్నెండు అప్పజెప్పగలదు. కానీ తన చేత్తో తాను చేసే ఏ పనికీ దానికి తెలుగులో మాట లేదని నాకు ఆ రోజే తట్టింది.

ఎంత లోతుకు గీకాలన్నదే ఈ పనిలో అసలు ప్రశ్న. తెలుసుకోవడానికి తలుపు మీద రూపాయి బిళ్ళంత చోట గీకి చూశాం. చుట్టూ వలయాలుగా పొరలు బయటపడ్డాయి: పాడైన క్లియర్‌కోటు, ఎరుపు, ఒక బూడిద రంగు ప్రైమరు (రంగుకు ముందు వేసే అడుగు పూత), దాని కింద ముదురు ఆకుపచ్చ, మళ్ళీ ప్రైమరు, చివరికి రేకు. ఆ ఆకుపచ్చే ఈ బండి పుట్టినప్పటి రంగు. ఫ్యాక్టరీలో వేసిన పొరలన్నీ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. ఆ వలయాన్ని ఫోన్‌లో చూపిస్తే నాన్న కళ్ళజోడు సవరించుకుని, "ఆ పచ్చ మీద గోరుతో గీరి చూడు తల్లీ, పెచ్చు లేస్తోందా?" అని అడిగారు. "పెచ్చు అంటే?" అని అమ్మాయి నావైపు తిరిగింది. ఊడిపోతున్న ఎర్ర ముక్క ఒకటి గిల్లి దాని చేతిలో పెట్టాను. తరువాత ఆ మాట నేను మళ్ళీ చెప్పనక్కరలేకపోయింది.

ఆకుపచ్చ గట్టిగా ఉన్నచోట దాన్ని తీయవద్దన్నారు నాన్న. పట్టు ఉన్న పాత రంగుకు మించిన పునాది ఉండదట. దాన్ని 320 నంబరు కాగితంతో మసకబార్చి వదిలేస్తే చాలు. తుప్పు ఉన్నచోట, పొక్కులు లేచినచోట, పాత లప్పం పగిలినచోట మాత్రం రేకు దాకా వెళ్ళాలి, ఇంకా చుట్టూ జానెడు దాటి వెళ్ళాలి. నేనైతే మొత్తం రేకు దాకా తీయించేదాన్ని. తెలియని వాళ్ళకు తొందర ఎక్కువ.

ఒక్క విషయంలో మాత్రం నేను నాన్న మాట వినలేదు. బానెట్ మీద పొరలు మందంగా ఉన్నాయంటే, "బ్లోల్యాంపు పెట్టి కాల్చేయండి, వెన్నలా వస్తుంది" అన్నారు. ఆ వేడికి పల్చటి రేకు వంకర పోతుంది. పైగా పాత లారీల పసుపు, నారింజ రంగుల్లో సీసం ఉండేది. వాటిని కాల్చినా పొడిగా గీకినా అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. షెడ్డులో కుర్రాళ్ళు ముక్కుకు తువ్వాలు చుట్టుకునే ఆ పని చేశారు. నేను ఆ మాట అన్నాక నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "పిల్లకు మంచి మాస్కు కొను" అన్నారు. కొన్నాను, దుమ్మునే కాక ఆవిరిని కూడా ఆపే, రెండు వైపులా డబ్బాలున్న మాస్కు.

బానెట్‌కు రంగు తీసే రసాయనం వాడాం. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న పాత రకాన్ని ఇళ్ళలో వాడుకునే వారికి అమ్మకుండా అమెరికా ప్రభుత్వం 2019లో నిషేధించింది. మూసిన గదుల్లో దానితో పనిచేస్తూ మనుషులు చనిపోయారు. ఇప్పుడు దొరికే రకాలు నెమ్మదిగా పనిచేస్తాయి. అంచులకు టేపు వేసి, బ్రష్షుతో ఒకే వైపుకు మందంగా పూసి, ఆరిపోకుండా ప్లాస్టిక్ కాగితం కప్పి, అరగంట ఆగాలి. గ్యారేజీ తలుపు పూర్తిగా ఎత్తి పెట్టాం. కాసేపటికి ఆ ఎరుపు, కాగుతున్న పాల మీద మీగడ ముడతలు పడ్డట్టు ముడుచుకుపోయింది. ప్లాస్టిక్ గరిటెతో తోస్తే పొరలు పొరలుగా వచ్చింది. సందుల్లో మాత్రం ఆ రసాయనం ఒక్క చుక్క కూడా మిగలకూడదు. తరువాత కొత్త రంగు కిందినుంచి బయటికొచ్చి దాన్ని లేపేస్తుంది. అందుకే బాగా కడిగాం. ఆరాక 80, తరువాత 180 నంబరు కాగితం.

రేకు వెండిలా మెరిసేసరికి రాత్రి ఎనిమిదయింది. ప్రైమరు రేపు వేద్దామన్నది నేనే. అది జూలై నెల, రాత్రంతా ఉక్క. పొద్దున్నే కాఫీ కప్పుతో గ్యారేజీలోకి వెళ్ళేసరికి బానెట్ నడుమ ఒక అరచెయ్యి, అయిదు వేళ్ళతో సహా, గోరింటాకు పండినట్టు ఎర్రగా కనిపించింది. మెరుపు చూసి మురిసిపోయిన మా అమ్మాయి రాత్రి ఒక్కసారి నిమిరింది. దాని చెమటకు అక్కడ తుప్పు పట్టింది. చిటికెన వేలి దగ్గరి గీత కూడా తెలుస్తోంది. దాన్ని ఫోటో తీసి పంపితే నాన్న ఇంకేమీ అనకుండా, "నీ చెయ్యి కూడా ఇట్లాగే పడింది, రెండో సారి షెడ్డుకొచ్చినప్పుడు" అన్నారు. నాకు గుర్తు లేదు. ఆ రోజు ఆయన కోప్పడి నన్ను ఇంటికి పంపేశారన్నది మాత్రం గుర్తుంది. ఎందుకో ఇన్నేళ్ళకు తెలిసింది.

ఆ అరచెయ్యిని మళ్ళీ గీకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఈసారి చేతి తొడుగులు వేసుకుని, ద్రావకంతో తుడిచి, అదే పూట ఎపాక్సీ ప్రైమరు కొట్టాం. గట్టిపడే ద్రవం కలిపే చివరి క్లియర్‌కోటు మాత్రం ఇంట్లో కొట్టనివ్వనని ముందే చెప్పాను. అందులోని ఐసోసయనేట్లనే హానికర రసాయనాలకు మా దగ్గరున్న మాస్కు చాలదు, ఆ పూత బయట రంగు కొట్టే బూత్ ఉన్నవాళ్ళ దగ్గరే. దాని మీద మా ఇద్దరికీ ఇంకా వాదన నడుస్తోంది.

తలుపుల పని ఇంకా మిగిలే ఉంది. నిన్న సాయంత్రం నాన్న ఫోన్‌లో ఉండగా అమ్మాయి పల్చటి నూలు గుడ్డ ఒకటి అరచేతి కింద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తలుపు మీద నెమ్మదిగా పైకీ కిందికీ నిమిరింది. అట్లా చూస్తే కంటికి అందని ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తాయని ఆయనే నేర్పారు. తాళం రంధ్రానికి రెండు వేళ్ళ కింద ఆగింది. "ఇక్కడ సొట్ట ఉంది తాతయ్యా. చిన్నదే, కానీ ఉంది." అక్కడికి వెళ్ళి నేనూ నిమిరి చూశాను. నాకేమీ తెలియలేదు.

"లైటు పక్కనుంచి పెట్టు," అన్నారు నాన్న, "మీ అమ్మకు కనిపిస్తుంది."