డబ్బా పెట్టి ఆడాను, దొరికిపోయాను

ముందే ఒప్పేసుకుంటాను, నేనాడింది దొంగాటే. ఆడుతున్నప్పుడు మాత్రం అలా అనిపించలేదు.

కాలేజీ రోజుల్లో నెట్ సెంటర్లలో కౌంటర్ స్ట్రైక్ 1.6 అనే తుపాకుల ఆట ఆడి పెరిగినవాణ్ణి. గురి అంటే నాకు మౌసే. టీవీకి తగిలించి ఆడే ప్లేస్టేషన్ 5 కన్సోల్ కొన్నాక కంట్రోలర్ పట్టుకుంటే ఎడంచేత్తో అన్నం తింటున్నట్టుంది. ఇంటర్ చదివే మా మేనల్లుడు పక్కన కూర్చుని నవ్వుతుంటే పౌరుషమొచ్చి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లమ్మే సీటీసీకి వెళ్లాను. అక్కడో కుర్రాడు అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా చేతిలో పెట్టాడు. "కీబోర్డు, మౌసు దీనికి పెట్టన్నా. అసలు కంట్రోలర్ కూడా దీనికే తగిలించు. ప్లేస్టేషన్ దీన్ని కంట్రోలరే అనుకుంటది." ఇంకాస్త డబ్బులేస్తే కాల్చినప్పుడు తుపాకీ ఎగరకుండా అదే దించిపెట్టే రకం కూడా ఉందన్నాడు. అది వద్దన్నాను. అది మోసం కదా! నా నీతి అక్కడిదాకానే.

వారంలో రెండు ర్యాంకులెక్కాను. పాత చెయ్యి తిరిగొచ్చిందని తెగ మురిసిపోయాను. మావాడే పట్టేశాడు.

"మావయ్యా, నువ్వు మౌసు కదపట్లేదు. మరి క్రాస్‌హెయిర్ వాడి వెనకాలే పోతోందేంటి?"

క్రాస్‌హెయిర్ అంటే తెర మధ్యలో ఉండే గురి గుర్తు. ఆటలోనే సాధన చేసుకునే ట్రైనింగ్ రేంజ్‌కెళ్లి చూశాం. బొమ్మ ఛాతీ మీద గురి పెట్టి, మౌసు మీంచి చెయ్యి తీసేసి, కీబోర్డు మీద ఎ బటన్ ఒక్కటే నొక్కుతూ పక్కకి జరిగాను. క్రాస్‌హెయిర్ బంకలా అతుక్కుని బొమ్మతో పాటే తిరిగింది. అది ఏమ్ అసిస్ట్. బొటనవేలితో స్టిక్ అనే చిన్న పుల్లని తిప్పుతూ గురి చూడటం కష్టం కాబట్టి కంట్రోలర్‌కి ఇచ్చే ఊతకర్ర. మౌసుని నేరుగా ఒప్పుకునే ఆటల్లో అది పెట్టగానే మామూలుగా ఆ కర్ర తీసేస్తారు. నా డబ్బా చేసిందల్లా, కాళ్లు బాగున్నవాడికి ఆ కర్ర ఇప్పించడం. కదిలే మనిషిని కన్ను చూసి చెయ్యి స్పందించేసరికి దాదాపు 200 మిల్లీసెకన్లు పడుతుంది. ఏమ్ అసిస్ట్‌కి ఆ ఆలస్యం లేదు. దానికి మౌసు నేర్పు కూడా తోడైతే ఎదుటివాడి గతేంటి?

ఇది కొత్త గొడవేం కాదు. ఓవర్‌వాచ్ అనే ఆటకి అప్పటి డైరెక్టర్ జెఫ్ కాప్లాన్ 2017లోనే కన్సోల్ కంపెనీలని అడిగాడు, ఇలాంటి డబ్బాలనైనా ఆపండి, లేదంటే మౌసుని అందరికీ బాహాటంగానైనా ఇవ్వండి అని. రెయిన్‌బో సిక్స్ సీజ్ అనే ఆటలో 2023లో మౌస్‌ట్రాప్, అంటే ఎలకల బోను, అని పెట్టారు. డబ్బా ఉన్నట్టు పసిగడితే, నువ్వు కదిపినదానికీ తెర మీద కదలికకీ మధ్య ఆలస్యం పెంచుకుంటూ పోయేది. డబ్బా పీకేసినా కొన్ని మ్యాచ్‌లదాకా వదిలేది కాదు. ఈ శిక్ష పెట్టినవాడెవడో రసికుడు.

నేనాడే ఆటలో అంత రసికత లేదు. ముందొక హెచ్చరిక వచ్చింది, చూడనట్టు నటించాను. నాలుగు రోజులకి 14 రోజుల సస్పెన్షన్. సపోర్ట్‌కి పెద్ద లేఖ రాశాను. ఏ హ్యాక్ సాఫ్ట్‌వేరూ వాడలేదన్నాను. అది నిజమే. మణికట్టు నొప్పన్నాను. అది సగం నిజం. అనుమతి లేని పరికరం కనబడిందనీ శిక్ష మారదనీ రెండు ముక్కల్లో జవాబొచ్చింది.

ఎలా కనబడిందో చూద్దామని డబ్బాని కంప్యూటర్‌కి తగిలించి, స్టిక్ కదలికల్ని చుక్కగా చూపించే టెస్టింగ్ పేజీ తెరిచాను. ఉద్యోగరీత్యా టెస్టర్ని, బుద్ధి ఊరుకోదు. కంట్రోలర్‌తో ఆడితే చుక్క పిల్లలేసిన ముగ్గులా వంకర్లు పోతోంది. ఎక్కడా కుదురుగా ఉండదు, మధ్యకి కూడా సరిగ్గా రాదు. డబ్బాతో, కీబోర్డు నడిపే ఎడమ చుక్కకి నడిమధ్య కాక ఎనిమిదే చోట్లు. అష్టాచెమ్మా కాయలా ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతడమే, మధ్యలో దారి లేదు. కుడి చుక్కయితే అంచుదాకా ఎగిరి, మౌసు ఆగిన మరుక్షణం ఠక్కున నడిమధ్యకొచ్చి కూర్చుంటోంది. మనిషి బొటనవేలు అలా ఆగదు. వాళ్లు నన్ను దేనితో పట్టారో చెప్పరుగానీ, నేనే జడ్జినైనా ఈ చుక్క చూసి శిక్ష వేసేవాణ్ణి.

ఆ పద్నాలుగు రోజులూ మావాడే గురువు. స్టిక్ కాస్త కదిపినా ఆట పట్టించుకోని డెడ్ జోన్ తగ్గించాడు, చూపు తిరిగే వేగాన్ని, అదే సెన్సిటివిటీని దించాడు. "కుడి స్టిక్‌తో వెతక్కు మావయ్యా, ఎడమ స్టిక్‌తో నడిచి గురి సరిచూసుకో" అన్నాడు. అన్నిట్లోకీ పనికొచ్చింది ఆ ముక్కే. స్టోరీ మోడ్ రెండుసార్లు పూర్తిచేసేసరికి బొటనవేలు కాయకాచింది.

సస్పెన్షన్ తీరాక మొదటి రాత్రి వరసగా ఆరు మ్యాచ్‌లు ఓడాను. ఏడోదాంట్లో నన్ను చంపినవాడి కిల్‌క్యామ్, అంటే వాడి కళ్లతో చూపించే రీప్లే, చూస్తున్నాం. వెనక్కి విసురుగా తిరిగి, క్రాస్‌హెయిర్ సరిగ్గా నా తల మీదే ఠక్కున ఆగింది. ఇటుకాస్త అటుకాస్త ఊగలేదు. ఆపైన నాతో పాటే జరిగింది.

"మావయ్యా, వీడు..."

"తెలుసురా."

రిపోర్ట్ బటన్ మీద బొటనవేలు కాసేపు ఆగింది. తర్వాత నొక్కాను.