ప్రైవేటు కాలేజీలో చేరితే డీఆర్ ఆపేశారు!

ఆగిపోయిన డీఆర్ (ధరల పెరుగుదలకు తగ్గట్టు పింఛను మీద ఇచ్చే కరువు భత్యం) బకాయిలతో సహా ఈ రోజే ఖాతాలో పడింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్ బి అధికారిగా రిటైరయ్యాక ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరాను. అందులో ఏ ఇబ్బందీ రాలేదు. రిటైరైన ఏడాదిలోపు ప్రైవేటు కొలువుకు అనుమతి తెచ్చుకోవాల్సింది గ్రూప్ ఎ వాళ్లే.

మొన్న నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బ్యాంకుకు వెళ్లా. కౌంటర్లో కుర్రాడు "ఇప్పుడేం చేస్తున్నారు సార్?" అని మర్యాదగానే అడిగాడు. కాలేజీ అన్నానో లేదో, తిరిగి ఉద్యోగంలో చేరారా అన్నచోట "అవును" నొక్కేశాడు. "అది ప్రభుత్వ కొలువుల గురించి బాబూ" అంటే, "ఉద్యోగం ఉద్యోగమే కదండీ" అన్నాడు. డిసెంబరు పింఛనులో డీఆర్ మాయం. మూల పింఛను 40,000, దాని మీద 58 శాతం. అంటే 23,200 రూపాయలు!

అడగబోతే ఆఫీసరు స్క్రీన్ మీంచి తలెత్తకుండా, క్యూ అంతా వినేలా "జీతం కావాలి, పింఛను కావాలి, మళ్లీ డీఆర్ కూడానా?" అన్నాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సర్వీసంతా రూలు చూడకుండా సంతకం పెట్టని మనిషిని నేను. నా సీటు ముందు ఏ పెద్దాయన్నీ అలా నిలబెట్టలేదు. రూలు కాగితం చూపిస్తే ముట్టుకోలేదు. "సీపీపీసీ వాళ్లు చూసుకుంటారు, వెళ్లండి" అన్నాడు. అంటే బ్యాంకు వాళ్ల పింఛను లెక్కలు చూసే కేంద్రం. ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

రూలు ఇదీ. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల్లో, ప్రభుత్వరంగ, స్వయంప్రతిపత్తి, స్థానిక సంస్థల్లో తిరిగి చేరితేనే డీఆర్ ఆగుతుంది. ప్రైవేటు జీతానికీ దానికీ సంబంధం లేదు.

"మాది ప్రైవేటు సంస్థ" అని కాలేజీ నుంచి లెటర్‌హెడ్ మీద రాయించుకుని బ్రాంచిలో ఇచ్చా. నకలు మీద ముద్ర వేయడానికి కూడా గొణిగారు. వేసేదాకా కదల్లేదు. మీరూ కదలకండి. కేంద్ర పింఛనుదారుల ఫిర్యాదుల కోసం ఉన్న సీపెన్‌గ్రామ్స్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టాకే ఆ ఆఫీసరు ఫోన్ చేసి, "చిన్న పొరపాటు సార్" అన్నాడు. చిన్నదట!

నాతో పనిచేసి గ్రూప్ ఎ హోదాలో రిటైరైన మిత్రుడొకాయన రాష్ట్ర కార్పొరేషన్లో చేరబోతున్నాడు. అక్కడున్నన్నాళ్లూ ఆయన డీఆర్ నిజంగానే ఆగుతుంది. జీతం మాట్లాడుకునేటప్పుడే ఆ మొత్తం కూడా లెక్కేసుకోమన్నా.