నల్ల కారుకు పొడిగుడ్డే మొదటి శత్రువు

పొద్దున కడిగితే సాయంత్రానికల్లా దుమ్ము పట్టేస్తుందని నల్ల కారు కొన్నవాళ్ళందరూ అనే మాటే. నిజమే, పడుతుంది. కానీ దుమ్ము పడినందుకు కారు పాడవదు, ఆ దుమ్మును పొడిగుడ్డ పెట్టి రుద్దినందుకు పాడవుతుంది. నలుపు, ముదురు నీలం, మెరూన్, డార్క్ గ్రే ఏదైనా సరే, పది రోజులకోసారి శుభ్రంగా కడిగి మధ్యలో చెయ్యి పెట్టకుండా వదిలేసిన బండి, రోజూ తుడిపించిన బండి కంటే రెండేళ్ళ తర్వాత కొత్తగా ఉంటుంది. రెండు వాష్‌ల మధ్య చెయ్యాల్సిన పనిలో సగం, చెయ్యకుండా ఊరుకోవడమే.

రంగు మీద రక్షణగా ఉండే క్లియర్ కోట్ మందం చాలా కార్లలో 40, 50 మైక్రాన్లకు అటూ ఇటూ. తలవెంట్రుక కంటే పల్చన. తెల్ల కారు మీదా నల్ల కారు మీదా ఆ పొర ఒకటే, గీతలూ ఒకేలా పడతాయి. తేడా అంతా కనపడటంలోనే. తెల్లరంగు వెలుతురును అన్ని వైపులకీ చిమ్ముతుంది, గీత అందులో కలిసిపోతుంది. నలుపు పడిన వెలుతురును మింగేస్తుంది, గీత అంచు ఒక్కటే మెరుస్తుంది. మిట్టమధ్యాహ్నం బానెట్ మీద సూర్యుడి చుట్టూ వలయాల్లా కనిపించే స్వర్ల్ మార్కులు ఇవే. గుండ్రంగా తుడిచినందుకే అవి గుండ్రంగా పడ్డాయని చాలామంది అనుకుంటారు. నిజానికి గీతలు అన్ని దిక్కుల్లోనూ ఉంటాయి. వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి కాబట్టి వలయంలా అనిపిస్తుంది. మీ బండి సంగతి తెలుసుకోవాలంటే రాత్రి సెల్లార్‌లో ఫోన్ టార్చ్ వేసి, బానెట్‌కు అడుగు దూరంలో పట్టుకుని చూడండి.

హైదరాబాద్ దుమ్ము ఇంకాస్త కఠినం. ఊరు కూర్చున్నదే గ్రానైట్ మీద. గుట్టలు కొట్టడం, పునాదులు తవ్వడం, క్రషర్ ఇసుక, అన్నిట్లోంచీ లేచే దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. మోస్ కొలమానంలో క్వార్ట్జ్ గట్టితనం 7, మామూలు గాజుది దాదాపు 5.5. అంటే ఈ దుమ్ము అద్దాన్నే గీయగలదు, క్లియర్ కోట్ ఎంత? పొడి అద్దం మీద వైపర్ తిప్పొద్దనేది కూడా ఇందుకే.

ఇక అసలు విషయం, అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే జరిగే తుడుపు. ఒక బకెట్ నీళ్ళు, ఒక గుడ్డ, పది పదిహేను కార్లు. మూడో కారుకే ఆ నీళ్ళు మట్టిరంగు తిరుగుతాయి. ముందు కారు ఇసుక మీ కారు మీద, మీది తర్వాతి కారు మీద. తుడిచే మనిషి తప్పేం లేదు, అంత సమయంలో అన్ని బండ్లు అలాగే అవుతాయి. ఆయన జీతం ఆపకుండా పని మార్చడం మంచిది: "అన్నా, మా బండికి పైన గుడ్డ పెట్టొద్దు. అద్దాలు, టైర్లు తుడిస్తే చాలు." అద్దాలకు వేరే రెండు గుడ్డలు మీరే కొనివ్వండి.

మరి మీరు తుడవాలంటే ఎలా? ముందు చూడాలి. బానెట్‌ను పక్క నుంచి ఏటవాలుగా చూస్తే దుమ్ము పౌడర్‌లా సన్నగా ఉండి, అడుగున రంగు బాగానే తెలుస్తుంటే స్ప్రేతో పని అవుతుంది. రేణువులు విడివిడిగా కనిపిస్తున్నా, తుంపర పడి ఎండిన మచ్చలున్నా స్ప్రే చాలదు, ముందు బాగా తడపాలి. చక్రాల వెనక బురద గట్టిపడి ఉంటే ఇంట్లో ముట్టుకోవద్దు, ప్రెషర్ వాష్‌కు తీసుకెళ్ళాల్సిందే. వేలితో రాసి చూడటం మాత్రం వద్దు. ఆ ఒక్క గీతే చాలు.

స్ప్రే అంటే వాటర్‌లెస్ వాష్ ద్రవం, బండిని నీళ్ళతో కడగకుండా కొట్టి తుడిచేది. కారు నీడలో, బానెట్ చేతికి చల్లగా తగిలేటప్పుడే చెయ్యాలి. మే నెల ఎండలో నల్లటి బానెట్ 60 డిగ్రీలు దాటిపోతుంది, ద్రవం గుడ్డ పెట్టేలోపే ఎండి మరకలవుతుంది. ఒక్కసారికి సగం తలుపు మేర తీసుకోండి. నీళ్ళు కారేంత ధారాళంగా కొట్టండి. చాలామంది పొదుపు చేసేది ఇక్కడే, గీతలు పడేదీ ఇక్కడే. అర నిమిషం ఆగండి. ఆ ద్రవంలోని జారుడు పదార్థాలు రేణువుల చుట్టూ చేరి వాటిని పైకి లేపడానికి ఆ మాత్రం సమయం కావాలి. తర్వాత గుడ్డను బరువు వెయ్యకుండా, ఒకే దిక్కులో, తిన్నగా గీత గీసినట్టు లాగండి. ముందుకీ వెనక్కీ రుద్దొద్దు. లాగాక ఆ ముఖం మార్చండి.

గుడ్డ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 40 సెంటీమీటర్ల చదరం, 350 జీఎస్‌ఎమ్‌కు (చదరపు మీటరు గుడ్డ బరువు గ్రాముల్లో) తగ్గని మైక్రోఫైబర్ గుడ్డను రెండుసార్లు మడిస్తే వాడుకోవడానికి 8 ముఖాలు వస్తాయి. తలుపుకు రెండు ముఖాలు లెక్కేసుకుంటే ఒక గుడ్డకు నాలుగు తలుపులే. పైకప్పు, బానెట్, బంపర్లకూ, ఆరబెట్టడానికీ వేరే కావాలి కాబట్టి స్విఫ్ట్, బలెనో లాంటి చిన్న బండికి 6, క్రెటా సైజుకు 8 గుడ్డలు దగ్గరుంచుకోండి. మాసిన ముఖం మళ్ళీ రంగు మీదికి రాకూడదు, కింద పడ్డ గుడ్డ ఆ రోజుకు పనికిరాదు. పాత బనియన్, లుంగీ ముక్క మెత్తగానే ఉంటాయి, కానీ వాటికి పోగుల లోతు లేదు. రేణువు లోపలికి దూరే చోటు లేక గుడ్డకూ రంగుకూ మధ్యే దొర్లుతుంది. మైక్రోఫైబర్‌లో అది పోగుల మధ్యకు వెళ్ళిపోతుంది. కొత్త గుడ్డకున్న లేబుల్‌ను కత్తిరించెయ్యండి, అంచు కుట్టు గరుకుగా ఉంటే ఆ అంచు లోపలికి వచ్చేలా మడవండి.

ఉతకడం ఇంట్లో బట్టలతో కలిపి కాదు, వేరే. నూలు బట్టల దారాలు మైక్రోఫైబర్‌కు పట్టుకుంటే వదలవు. లిక్విడ్ డిటర్జెంట్ కొంచెం చాలు. ఫాబ్రిక్ కండిషనర్ వేస్తే పోగులకు పూత పట్టి నీళ్ళు పీల్చడం మానేస్తాయి. గోడ మీద ఆరెయ్యొద్దు, గోడ దుమ్ము అంతా గుడ్డకెక్కుతుంది.

కొంచెం ఎక్కువ దుమ్ముకు రిన్స్‌లెస్ వాష్ మంచి దారి. కారు మొత్తానికి ఒక్క బకెట్ నీళ్ళు, మళ్ళీ కడగక్కర్లేదు. ఆప్టిమమ్ నో రిన్స్ లాంటి ద్రవాలను 1:256 పాళ్ళలో కలుపుతారు, అంటే 10 లీటర్ల బకెట్‌కు 40 మి.లీ. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం కాదు, తుడిచాక మసక మిగులుతుంది. మొక్కలకు కొట్టే 2 లీటర్ల చేతిపంపు కొత్తది ఒకటి తీసుకుని, అందులో అదే ద్రవం 8 మి.లీ. కలిపి ముందు బండి భాగాన్ని తడిపి రెండు మూడు నిమిషాలు వదిలెయ్యండి. మందు కొట్టిన పాత పంపు వద్దు. తర్వాత బకెట్‌లో నానేసిన గుడ్డల్లోంచి ఒకటి తీసి, పిండకుండా, పైన చెప్పినట్టే లాగండి. వాడిన గుడ్డ తిరిగి బకెట్‌లోకి వెళ్ళకూడదు, పక్కన పడెయ్యాలి. నీళ్ళు చివరిదాకా శుభ్రంగా ఉంటేనే ఈ పద్ధతికి అర్థం. ఆ భాగం ఎండకముందే ఇంకో పొడి మైక్రోఫైబర్‌తో అద్దెయ్యండి. ఈ పొడిగుడ్డ ఇబ్బంది లేదు, అప్పటికి రేణువులు పోయాయి కనుక.

వరస: పైకప్పు, అద్దాలు, బానెట్, డిక్కీ, తలుపుల పైభాగం. తలుపుల కింది భాగం, బంపర్లు ఆఖరున, వాటికి గుడ్డలు కూడా వేరు. ఇసుక ఉండేది అక్కడే. తలుపుల మధ్య స్తంభాల మీద ఉండే మెరిసే నల్ల ప్లాస్టిక్, లోపల అలాగే మెరిసే పియానో బ్లాక్ ట్రిమ్, పెయింట్ కంటే త్వరగా గీసుకుపోతాయి. వాటికి ఎప్పుడూ కొత్త ముఖం వాడండి.

నీళ్ళు ఎలాంటివన్నదీ ముఖ్యమే. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. చుక్క ఎండితే నల్లరంగు మీద తెల్లటి రింగు మిగులుతుంది, ఎండలో ఉంటే అది క్లియర్ కోట్‌లోకి దిగుతుంది. స్ప్రే కలపడానికి ఏసీ పైపు నుంచి పడే నీళ్ళు మంచివి, వాటిలో లవణాలు దాదాపు ఉండవు. పల్చటి గుడ్డలో వడగట్టి వాడండి. ఆర్వో నుంచి బయటికి పోయే వేస్ట్ నీళ్ళు మాత్రం వద్దు. లవణాలు బోరు నీళ్ళ కంటే ఎక్కువగా చేరేది వాటిలోనే. రింగులు పడిపోతే తెల్ల వెనిగర్, లవణాల్లేని నీళ్ళు సమానంగా కలిపి, గుడ్డ తడిపి ఒక నిమిషం మరక మీద ఉంచి, మంచినీళ్ళతో తుడిచెయ్యండి. అప్పటికీ పోకపోతే అది మరక కాదు, గుంట. పాలిష్ చేస్తే తప్ప పోదు.

అలాంటి మచ్చే సెల్లార్ స్లాబ్ నుంచి కారే నీళ్ళ వల్లా వస్తుంది, ఇంకా మొండిగా. కాంక్రీట్‌లోంచి వచ్చే ఆ చుక్కలో సున్నం ఉంటుంది. చూసిన వెంటనే నీళ్ళతో కడిగెయ్యాలి. ఎండి గడ్డకడితే వెనిగరే, గోకడం మాత్రం వద్దు. అసలు స్లాబ్ కారే చోట బండి పెట్టకపోవడమే మేలు.

పిట్టల రెట్టను సాయంత్రం దాకా వదలకూడదు. అందులో యూరిక్ యాసిడ్ ఉంటుంది, పైగా ఎండకు వేడెక్కి మెత్తబడిన క్లియర్ కోట్ చల్లబడేటప్పుడు ఎండిన రెట్ట చుట్టూ ముడుచుకుంటుంది. ఆ ఆకారం అచ్చు దిగిపోతుంది. టిష్యూను స్ప్రేతో తడిపి, దాని మీద పరిచి, అయిదు నుంచి పది నిమిషాలు వదిలి, ఎత్తి తీసెయ్యండి. తుడవొద్దు, ఎత్తండి. రెట్టలో గింజలుంటాయి, అవీ గీస్తాయి. ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద బానెట్‌కు కొట్టుకున్న పురుగులకూ ఇదే చికిత్స. చిన్న స్ప్రే సీసా, రెండు గుడ్డలు జిప్ కవర్‌లో పెట్టి డిక్కీలో ఉంచుకుంటే సరిపోతుంది.

మామిడి పూత కాలంలో ఆ చెట్టు కింద కారు పెడితే పొద్దునకు జిగట చుక్కలుంటాయి. అది చెట్టు జిగురు కాదు, తేనెమంచు పురుగు విసర్జించే తీపి ద్రవం. తాజాగా ఉంటే నీళ్ళకే పోతుంది. రెండు రోజులు ఆగితే దుమ్ము అతుక్కుని నల్లటి పొర కడుతుంది, అప్పుడు రిన్స్‌లెస్ ద్రవంతో నానబెట్టాలి.

దసరాకు వాహన పూజ మానమని ఎవరూ అనరు. కానీ పసుపు, గంధం, కుంకుమ దుమ్ము పట్టిన బానెట్ మీద వేలితో అద్దితే వేలి కింద ఇసుక నలుగుతుంది. ఎండాక గరుకైన గంధాన్ని మర్నాడు పొడిగుడ్డతో దులిపితే ఇంకా నష్టం. ముందు బండి కడిగి, బొట్లు అద్దం మీదో నంబర్ ప్లేట్ మీదో పెట్టండి. తీసేటప్పుడు తడిపి తీయండి. దండకు ఇనుప తీగ ఉందేమో చూసుకోండి, బండి నడుస్తుంటే అది గ్రిల్ పక్కన రంగుకు రాసుకుంటూనే ఉంటుంది.

కవర్ వాడేవాళ్ళకు ఒక్కటే షరతు: బండి శుభ్రంగా ఉంటేనే కప్పాలి. దుమ్ము మీద కప్పితే గాలికి కదిలే ప్రతిసారీ గీస్తుంది. ఆరుబయట, గాలి ఎక్కువుండే చోట కవర్ లేకపోతేనే నయం. మైనం పట్టించిన నూలు డస్టర్లు పూర్తిగా పొడి, సన్నటి దుమ్ముకు పనికొస్తాయి, అదీ కొనలు మాత్రమే తగిలేలా లాగితే. మంచు పడ్డ పొద్దున డస్టర్ వద్దు. కిరోసిన్, డీజిల్ గుడ్డతో మెరిపించే అలవాటు ఇంకా కొందరు డ్రైవర్లకుంది. ఆ నూనె పొరకు మధ్యాహ్నానికే రెట్టింపు దుమ్ము అతుక్కుంటుంది.

రంగు మీద రక్షణ పూతగా సిరామిక్ కోటింగ్ వేయించాం కదా అని ధైర్యపడొద్దు. దాని మీద 9హెచ్ అని రాసేది పెన్సిల్ ముల్లుతో గీసి చూసే గట్టితనం కొలమానం, మోస్ కొలమానం కాదు. క్వార్ట్జ్‌కు అది లెక్కే కాదు. కోటింగ్ వల్ల దుమ్ము సులువుగా వదులుతుంది, అంతే. రెండు మూడు నెలలకోసారి కడిగాక వేసుకునే స్ప్రే సీలెంట్ (కొట్టి తుడిచే పల్చటి రక్షణ పూత) కూడా ఆ మాత్రం పని చేస్తుంది, ఖర్చు చాలా తక్కువ.

ఇంత జాగ్రత్త పడి, వాటర్ వాష్ సెంటర్‌లో బండి వదిలేస్తే పదినిమిషాల్లో అంతా పోతుంది. అక్కడ స్పాంజ్ ఒకటే ఉంటుంది, అది చక్రాలకూ వాడతారు. ప్రెషర్ నీళ్ళు, ఫోమ్, మళ్ళీ ప్రెషర్ నీళ్ళు, అంతవరకే అడగండి. స్పాంజ్ వద్దని ముందే చెప్పి, ఆరబెట్టడానికి మీ గుడ్డలు మీరే తీసుకెళ్ళండి.